‘మీరేమవుతారండీ?’: ఎవరికీ చెప్పుకోలేని మనిషి పోయినప్పుడు

మన చావు ఇంట్లో ప్రతి మనిషికీ ఒక వరస ఉంటుంది. కొరివి ఎవరు పెట్టాలి, దాయాదులకి ఎన్నాళ్లు మైల, పెద్దకర్మ రోజు ఎవరికి ఎవరు బట్టలు పెట్టాలి, అన్నీ ముందే తేలి ఉంటాయి. మైల అంటే చాలామందికి విసుగు గానీ దాంతో ఒక మేలుంది. ఈ మనిషిని పది రోజులు ఏ పనీ అడగొద్దని, గడ్డం ఎందుకు పెరిగిందనొద్దని, ఉన్నట్టుండి ఏడిస్తే ఏమైందనొద్దని ఊరందరికీ చెప్పకనే చెబుతుంది. ఆ వరసల్లో మీకు చోటు లేకపోతే ఇవేవీ రావు. పలకరింపులుండవు, సెలవుండదు. సాయంత్రం ఇంటికెళ్లి ‘కూరేం చేశావ్?’ అని అడగాలి, లేదా ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలి.

పెళ్లికి ముందు ప్రేమించి, ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు ఫోన్లో మాత్రం మాట్లాడుకున్న మనిషి కావచ్చు. పెళ్లి బయటి బంధం కావచ్చు. ఇంట్లో ‘రూమ్మేట్’ అని చెప్పుకొచ్చిన తోడు కావచ్చు. తాగుడు మానడానికి వెళ్లే మీటింగుల్లో దొరికిన స్నేహితుడూ కావచ్చు, ఆ స్నేహం గురించి చెప్పాలంటే ముందు ఆ మీటింగుల గురించి చెప్పాలి. కెన్నెత్ డోకా అనే అమెరికన్ పరిశోధకుడు 1989లో ఈ రకం దుఃఖం గురించి ఒక పుస్తకమే తెచ్చాడు. బాహాటంగా ఒప్పుకోవడానికీ, నలుగురిలో ఏడవడానికీ, నలుగురి ఓదార్పు అందుకోవడానికీ వీల్లేని నష్టం అని ఆయన దీన్ని నిర్వచించాడు.

ఆ బంధం తప్పా ఒప్పా అన్న పంచాయితీ ఇక్కడ పెట్టడం లేదు. కింద రాసినదంతా ఎక్కువగా దాచుకున్న ప్రేమను మనసులో పెట్టుకొని రాసింది. మిగతావాళ్లు తమకు పనికొచ్చేది తీసుకోండి.

మొదటి అడుగు: కబురు తెలిసిన గంటలో

ఇలాంటి కబురు ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. బ్యాచ్ గ్రూపులో ‘ఓం శాంతి’లు వరసగా పడుతుంటే పైకి జరుపుకుంటూ వెళ్లి తెలుసుకుంటారు. లేదా వాట్సాప్ స్టేటస్‌లో పూలదండ వేసిన ఫొటో కనిపిస్తుంది. అప్పుడు మీ చుట్టూ ఇల్లో ఆఫీసో ఉంటుంది.

ముందు అక్కణ్నుంచి లేవండి. బాత్రూమ్, మేడ మీద, కారు పార్కింగ్, ఏదైనా సరే ఒక పావుగంట. కబురు నిజమో కాదో చూసుకోవాలనిపిస్తుంది, అది సహజం. దానికి ఉమ్మడి స్నేహితుల్లో దూరపువాళ్లకి ఒక మెసేజ్ చాలు. పోయిన మనిషి నంబరుకి మాత్రం చేయకండి. ఆ ఫోన్ ఇప్పుడు బావమరిది చేతిలోనో కూతురి చేతిలోనో ఉంటుంది. మీ పేరు తెర మీద వెలిగే సమయం ఇది కాదు.

తర్వాత చేయాల్సింది ఒక చిన్న నిజం సిద్ధం చేసుకోవడం. ‘పాత కొలీగ్ ఒకరు పోయారు, బాగా తెలిసినవాళ్లు, మనసేం బాలేదు.’ ఇందులో అబద్ధం లేదు. దీన్ని ఇంట్లో ఒకసారి, ఆఫీసులో ఒకసారి చెప్పేయండి. ఏమీ లేదని మొహం కడుక్కొని వచ్చేవాళ్లు రెండో రోజుకే దొరికిపోతారు. కారణం చెప్పినవాళ్లకి మాత్రం కనీసం రెండు మూడు రోజులు నీరసంగా కూర్చునే హక్కు వస్తుంది. వివరాలు పెంచొద్దు. ఊరు, జబ్బు, పిల్లలు అంటూ కథ అల్లితే ఆ కథని గుర్తుపెట్టుకోవడం ఇంకో బరువు.

స్టేటస్ పెట్టకండి. పాటా పెట్టకండి. మీ స్టేటస్ ఎవరు చూడాలో వాళ్లు చూడరు, చూడకూడనివాళ్లు చూస్తారు.

సెలవు కావాలంటే కారణం రాయనక్కర్లేని క్యాజువల్ లీవ్ పెట్టుకోండి. దగ్గరి బంధువులు పోతే సెలవిచ్చే కంపెనీలు కూడా తల్లి, తండ్రి, భార్య, భర్త అని జాబితా రాసుకుని ఉంటాయి. అందులో మీరు వెతుక్కోవాల్సింది ఏమీ లేదు.

రెండో అడుగు: చివరి చూపుకి వెళ్లాలా?

ఎక్కువమంది తర్వాత బాధపడేది ఈ నిర్ణయం గురించే. అందుకని దీని మీద కొంచెం ఆగుదాం.

ముందు రెండు విషయాలు చూసుకోండి. అక్కడ మిమ్మల్ని గుర్తుపట్టి అనుమానపడగలిగిన వాళ్లున్నారా? శవాన్ని చూసి మీరు నిలబడగలరా? మొదటిదానికి ‘ఉన్నారు’ అనేది జవాబైతే వెళ్లకండి. ఆ రోజు ఆ ఇంట్లో గొడవ పుడితే దాన్ని మోయాల్సింది పోయినవాళ్ల పిల్లలు. రెండోదానికి జవాబు ఎవరికీ ముందు తెలీదు. అందుకే ఒంటరిగా వెళ్లొద్దు. ఆఫీసు వాళ్లతో, పాత బ్యాచ్‌తో, అపార్ట్‌మెంట్ వాళ్లతో కలిసి గుంపులో వెళ్లండి. గుంపు మీకో వరస ఇస్తుంది.

వెళ్తే ఇలా ఉంటుంది. గేటు ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. హాల్లో ఫ్రీజర్ బాక్స్, దాని అద్దం మీద లోపల్నుంచి పట్టిన తేమని ఎవరో తువ్వాలుతో తుడుస్తుంటారు, అయినా పోదు. తలవైపు దీపం. మీ వంతు వచ్చాక నిలబడటానికి దొరికేది అర నిమిషం. ఆ అర నిమిషంలో ముఖమే చూడండి. చుట్టూ ఎవరున్నారు, ఆవిడ ఎలా ఏడుస్తోంది, పిల్లవాడు ఎవరి పోలిక, ఇవి చూడటం మొదలుపెడితే ఇంటికెళ్లాక ముఖం తప్ప అన్నీ గుర్తుంటాయి. దండ వేయాలనుకుంటే గుంపు తరఫున ఒకటే వేయండి.

అప్పుడు ఎవరో ఒక పెద్దాయన కుర్చీ చూపిస్తూ అడుగుతాడు, ‘మీరేమవుతారండీ?’ ఈ ప్రశ్నకి జవాబు ఇంట్లోనే అనుకుని వెళ్లాలి. ‘కలిసి పనిచేశామండీ’, ‘డిగ్రీలో ఒకే క్లాసండీ’. ఒక్క ముక్క, అంతే. అక్కడ తడబడితే అడిగినవాళ్లకి ఏమీ తట్టకపోవచ్చు గానీ, ఏమీ కాననే మాట మీకే గట్టిగా వినిపిస్తుంది. నాకు తెలిసి చాలామందిని కూలదోసేది శవం కంటే ఈ ప్రశ్నే.

పది నిమిషాలు చాలు. పాడె లేచేదాకా ఉండొద్దు. చావింటి నుంచి ‘వెళ్లొస్తాం’ అని చెప్పి రావడం మనకెలాగూ లేదు కాబట్టి లేచి వచ్చేయొచ్చు. ఈ ఒక్క ఆచారం మాత్రం మీకోసమే పెట్టినట్టుంటుంది. ఇంటికొచ్చాక తలస్నానం ఎవరూ ప్రశ్నించరు. ఆ నీళ్లకింద ఎంతసేపు నిలబడతారో మీ ఇష్టం, గీజర్ చల్లారినా తొందరలేదు.

వెళ్లలేకపోతే ఎప్పుడు తీసుకెళ్తున్నారో మాత్రం తెలుసుకోండి. గ్రూపులో ఆ సమయం రాస్తారు. ఆ గంట ఏ పనీ పెట్టుకోకుండా గుళ్లోనో చెరువు గట్టు మీదో కూర్చోండి. డల్లాస్ లాంటి చోట ఉంటే అది మీకు అర్ధరాత్రి కావచ్చు. ఇల్లంతా పడుకున్న వేళ కావడం ఒకందుకు మంచిదే. పోయినవాళ్లు క్రైస్తవులో ముస్లింలో అయితే తొందరే లేదు, సమాధి ఎక్కడికీ పోదు. నవంబరు 2న కతోలికులు జరుపుకునే సమాధుల పండుగ రోజున శ్మశానం నిండా జనం, కొవ్వొత్తులు ఉంటాయి. ఆ రోజు ఏ సమాధి దగ్గర ఎవరు నిలబడ్డారని ఎవరూ లెక్కపెట్టరు. షబే బరాత్ రాత్రి ఖబరస్తాన్‌కి వెళ్లేవాళ్లూ అంతే.

దహనం అయితే వెళ్లడానికి చోటంటూ మిగలదు. మీరే ఒక చోటు అనుకోవాలి. ఇద్దరూ టీ తాగిన బండి దగ్గరొద్దు, అక్కడ ఆ బండివాడే అడుగుతాడు ‘సార్ రావట్లేదేంటి’ అని.

మూడో అడుగు: ఫోన్ సంగతి

అర్ధరాత్రి పాత మెసేజీలు చదువుతూ, భయమేసి అన్నీ చెరిపేసి, తెల్లారి గుండెలు బాదుకునేవాళ్లు బోలెడుమంది. కాబట్టి మొదటి నెల ఏదీ చెరపకండి. వాట్సాప్‌లో ఆ ఛాట్‌కి లాక్ పెట్టే వీలుంది, అది వాడండి. ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి ఇంట్లో ఉమ్మడిగా వాడే ల్యాప్‌టాప్‌లో మీ వాట్సాప్ తెరిచి ఉందేమో చూసుకోండి.

గొంతు వినిపించే వాయిస్ మెసేజీలు ముందు భద్రం చేయండి. కొన్నేళ్లకి ముఖం ఫొటోల్లో దొరుకుతుంది, గొంతు దొరకదు. మీ ఒక్కరికే పాస్‌వర్డ్ తెలిసిన వేరే మెయిల్ ఖాతాలో దాచండి. దాన్ని అప్పుడప్పుడూ తెరుస్తూ ఉండాలి, రెండేళ్లు ఎవరూ ముట్టుకోని ఖాతాల్ని గూగుల్ తీసేస్తుంది. గూగుల్ ఫొటోస్‌లో ఉన్న ‘లాక్డ్ ఫోల్డర్’ని నమ్ముకుంటే బ్యాకప్ ఆన్ చేసి ఉందో లేదో చూడండి. లేకపోతే ఫోన్ పోయిన రోజు అదీ పోతుంది.

అదే యాప్‌లో ‘మెమరీస్’ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ ముఖాన్ని, కొన్ని తేదీల్ని దాచిపెట్టండి. ఇది తేలిగ్గా తీసుకోవద్దు. ఆదివారం మధ్యాహ్నం పిల్లలు టాబ్లెట్ పట్టుకుని ఉండగా ‘నాలుగేళ్ల క్రితం ఈ రోజు’ అంటూ అరకు రైల్లో తీసుకున్న ఫొటో దానంతటదే పైకొస్తుంది.

పోయినవాళ్ల ఫోన్లో మీ గురించి ఏముందో అన్న భయం ఉంటుంది. దాని గురించి చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. వాళ్ల పాస్‌వర్డ్ తెలిసినా వాళ్ల ఖాతాలు తెరవకండి. ఆ ఫోన్ తెచ్చిపెట్టమని ఎవర్నీ బతిమాలకండి. ప్రమాదమో ఆత్మహత్యో అయి పోలీసు కేసు నడుస్తుంటే మీ వైపున ఉన్న మెసేజీలు కూడా తాకొద్దు, సాక్ష్యం మాయం చేయడం నేరం. కాల్ లిస్టులో మీ నంబరు పైనుంటే పోలీసులు మిమ్మల్నీ మాట్లాడమంటారు. ముందు ఒక లాయరుతో మాట్లాడి వెళ్లండి. సాక్షులుగా పిలిచినప్పుడు మహిళల్ని వాళ్ల ఇంటి దగ్గరే విచారించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ చెబుతుంది. పోలీసులు ఇంటికి రావడమే మీకు చిక్కయితే, ఇష్టపడి స్టేషన్‌కి వెళ్లే వీలు కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఈ రెండో ముక్క చాలామందికి తెలీదు.

కొన్నాళ్లకి జరిగేవి ముందే తెలుసుకుని ఉండటం మంచిది. 120 రోజులు వాడని వాట్సాప్ ఖాతా మామూలుగా రద్దవుతుంది. వాడని సిమ్ ఆగిపోయాక కంపెనీ ఆ నంబరు ఇంకొకరికి ఇస్తుంది. అప్పుడు మీరు దాచుకున్న పేరు పక్కన ఎవరో పెళ్లికొడుకు ఫొటో కనిపిస్తుంది. అది చూసి బెదిరిపోకుండా ఉండాలంటే నంబరు ఒక కాగితం మీద రాసుకుని కాంటాక్టుల్లోంచి తీసేయడం ఒక పద్ధతి. ఆ నంబరుకి ఫోన్ కొట్టి చూడటం మాత్రం వద్దు.

నాలుగో అడుగు: మీ కర్మ మీరు చేసుకోండి

కర్మకాండ కొడుకులదే, మనకేం సంబంధం అనుకుంటారు. పూర్తిగా అలా ఏమీ లేదు. భాద్రపద బహుళ పక్షంలో, తెలంగాణ మాటల్లో పెత్తరమాస దగ్గరపడే పదిహేను రోజుల్లో, ఇచ్చే తర్పణాల వరస ఒకసారి శ్రద్ధగా వినండి. తండ్రి వైపు, తల్లి వైపు అయ్యాక మామ, బావమరిది, గురువు, ఆచార్యుడు అంటూ వచ్చి ‘సఖుడు’ దగ్గరికి చేరుతుంది. చివర్లో ఇంకో శ్లోకం ఉంది: ‘యేషాం న మాతా న పితా న బంధుః...’ తల్లీ తండ్రీ బంధువూ ఎవరూ లేనివాళ్లందరూ ఈ నీళ్లతో తృప్తి పడాలని. తర్పణాలిచ్చే మగవాళ్లయితే ఆ చోట మనసులో ఒక పేరు అనుకోవడానికి పురోహితుడి అనుమతి కూడా అక్కర్లేదు.

తండ్రి బతికున్నవాళ్లు తర్పణాలు ఇవ్వరు, ఆడవాళ్లకి చాలా ఇళ్లలో ఆ ఆచారమే లేదు. వాళ్లకి వేరే దారులున్నాయి. కోస్తాలో సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టి తర్వాత ఎవరికైనా ఇస్తారు. ఆ బట్టలు కొనేటప్పుడు ఇంకో చొక్కా, సరిగ్గా ఆ మనిషి కొలతకి కొనండి. కొలత మీకు తెలుసు కదా. దాన్ని వాచ్‌మన్‌కో ఆటో అతనికో ఇచ్చేయండి. గుళ్లో అన్నదానానికి కట్టేటప్పుడు పేరు, గోత్రం అడుగుతారు. మీ పేరు మీద కట్టినా ఫర్వాలేదు. అయితే రశీదు మెసేజ్ ఏ నంబరుకి వస్తుందో చూసుకోండి, కుటుంబానికంతా ఒకే నంబరు ఇచ్చి ఉంటారు కొందరు. కతోలికులైతే ఒక ఆత్మ శాంతి కోసం పూజ చెప్పించమని గురువుగారిని అడిగితే చాలు. ముస్లింలకి దువా ఇంట్లో జానమాజ్ (నమాజు చేసుకునే చాప) మీద కూర్చుని చేసుకునేదే.

నమ్మకాలేవీ లేనివాళ్లు రక్తదానం చేయొచ్చు. ఏం చేసినా పదకొండో రోజుకో నెలకో ఒక తేదీ అనుకుని ఆ రోజే చేయండి. ఎప్పుడో చేద్దాంలే అనుకున్నది జరగదు.

ఐదో అడుగు: ఏడవడానికి ఒక టైము

మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో చెప్పిన మాట ఒకటి ఇక్కడ పనికొస్తుంది. దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు ఆ నష్టంలోకి వెళ్తూ, కాసేపు బతుకు పనుల్లోకి వస్తూ, అటూ ఇటూ తిరుగుతుంటాడని, అలా తిరగడమే ఆరోగ్యమని వాళ్ల వాదన. దాచుకుని ఏడ్చేవాళ్లకి రెండో వైపు బలవంతంగా దొరుకుతుంది. పాలు, స్కూలు ఫీజు, మీటింగు, అన్నీ లాక్కెళ్తాయి. దొరకనిది మొదటి వైపే. కాబట్టి దాన్ని క్యాలెండర్లో పెట్టుకోవాలి.

వాకింగ్ పేరుతో అరగంట, కాకపోతే ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు దారి మళ్లించి ఒక పావుగంట. బండి మీద తిరిగే మగవాళ్లకి హెల్మెట్ ఒక వరం. అద్దం దించేస్తే లోపల ఏం జరుగుతుందో ఎవరికీ తెలీదు. సిగ్నల్ దగ్గర పక్క బండివాడు చూస్తే దగ్గు వచ్చినట్టు భుజాలు కదిలించొచ్చు. కళ్లు మసకేస్తే మాత్రం బండి పక్కకి ఆపేయండి, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఈ ప్రయోగాలొద్దు.

రాయడం కూడా పనిచేస్తుంది. జేమ్స్ పెన్నబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో మొదలుపెట్టిన పద్ధతి ప్రకారం రోజుకి పావుగంట చొప్పున వరసగా నాలుగు రోజులు, ఎవరికీ చెప్పని సంగతిని ఆపకుండా రాయాలి. అక్షర దోషాలు, వాక్యాలు పట్టించుకోకూడదు. పోయిన మనిషికే ఉత్తరంలా రాస్తే తేలిగ్గా వస్తుంది. తిట్టాలనిపిస్తే తిట్టండి. ‘నెలకోసారి షుగర్ చూపించుకోమని ఎన్నిసార్లు చెప్పాను’ అన్న కోపం కూడా అందులో పడాల్సిందే. ఆ మనిషి మిమ్మల్ని బాగా చూసుకోకపోయి ఉండొచ్చు, పోయారని తెలిసి ఒక క్షణం ఊపిరి తేలికైనట్టు అనిపించి ఉండొచ్చు. అదీ రాయండి. ఫోన్లో నోట్స్‌లో కాకుండా కాగితం మీద రాసి, బకెట్ నీళ్లలో నానబెట్టి పిసికేస్తే సరి. చించి చెత్తబుట్టలో వేస్తే అతికించి చదివే మనుషులు ఇళ్లలో ఉంటారు.

ఆరో అడుగు: ఒక్కరికి చెప్పండి

ఈ మొత్తంలో ఒక్కటే చేయగలనంటే ఇదే చేయండి. దుఃఖాన్ని అందరి నుంచీ దాచొచ్చు, ఒక్కరి నుంచి మాత్రం దాచకూడదు. కనీసం ఒక్క మనిషి మిమ్మల్ని చూసి ‘నీకెంత కష్టమొచ్చింది’ అనాలి.

ఎవరికి చెప్పాలంటే, మీ ఇంటికీ ఆ ఇంటికీ రాకపోకలు లేనివాళ్లకి. ఉమ్మడి స్నేహితులొద్దు, వాళ్లదీ దుఃఖమే, వాళ్ల నోరు జారుతుంది. తోబుట్టువులు దగ్గరివాళ్లే అయినా వాళ్ల భార్యాభర్తలకి చెప్పకుండా ఉండలేరు. వేరే ఊళ్లో ఉన్న పాత స్నేహితురాలు నయం. మొదలుపెట్టేది ఇలా: ‘నీకో విషయం చెప్పాలి. నాకు సలహా వద్దు, మంచీ చెడూ చెప్పొద్దు. వింటే చాలు. మళ్లీ ఎవరితోనూ అనొద్దు.’ ఈ నాలుగు ముక్కలూ ముందు చెప్పకపోతే మనవాళ్లు వెంటనే సలహాలోకి దిగుతారు.

అలాంటివాళ్లు లేకపోతే కౌన్సెలర్. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. ప్రాణాపాయం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, అవేంటో మొదటి రోజే అడిగి తెలుసుకోండి. చిన్న ఊళ్లో సైకియాట్రిస్ట్ బోర్డు కింద కూర్చుంటే ఎవరైనా చూస్తారన్న భయం ఉంటే టెలీ మానస్ 14416కి చేయండి. ప్రభుత్వ హెల్ప్‌లైన్, 2022 అక్టోబరులో మొదలైంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. స్వలింగ బంధమైతే ముందు కౌన్సెలర్‌తో ఒక మాట తేల్చుకోండి: ఆ బంధాన్ని జబ్బుగా చూసే మనిషి దగ్గర ఒక్క రోజు కూడా కూర్చోవద్దు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు నేరం కాదని తేల్చిన విషయాన్ని తప్పని చెప్పేవాళ్లకి ఫీజు కట్టడం దేనికి.

చావాలన్న ఆలోచన వస్తే ఈ జాగ్రత్తలన్నీ పక్కన పెట్టండి. ఎవరు కనిపిస్తే వాళ్లకి చెప్పండి, అదే 14416కి అప్పుడే చేయండి. రహస్యం సంగతి తర్వాత. ఆరు నెలలు దాటినా రోజూ అదే తీవ్రత ఉండి పనులు సాగకపోతే డాక్టర్ని కలవాల్సిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఈ స్థితిని గుర్తించడానికి కనీసం ఆరు నెలలు చూడమంటుంది, అమెరికా సైకియాట్రిస్టుల జాబితా పెద్దవాళ్లకి ఏడాది అంటుంది. రోజూ రాత్రి మందు లేకుండా నిద్ర పట్టట్లేదంటే అంతదాకా ఆగొద్దు.

ఏడో అడుగు: ఇంట్లో

భార్యకో భర్తకో చెప్పేయాలా? మొదటి మూడు నెలలు వద్దన్నది నా అభిప్రాయం. అప్పుడు చెప్పేది మీ బరువు దించుకోవడానికే అవుతుంది, ఆ బరువు మోయాల్సింది వాళ్లు. పైగా పోయిన మనిషితో వాళ్లు దెబ్బలాడనూ లేరు. తర్వాత చెప్పాలనిపిస్తే అది వేరే నిర్ణయం, నిదానంగా తీసుకోవచ్చు. వాళ్లే సూటిగా అడిగితే మాత్రం పెద్ద అబద్ధం కట్టొద్దు. ‘ఇప్పుడు మాట్లాడలేను, కొన్నాళ్లు టైమివ్వు’ అనడం అబద్ధం కాదు.

చిరాకు పిల్లల మీద పడుతుంది. అది గమనించుకుని, కేకలేసిన రోజు పడుకునే ముందు వాళ్లకి సారీ చెప్పండి.

పోయినవాళ్ల కుటుంబం జోలికి వెళ్లకండి, మంచి చేద్దామనైనా సరే. డబ్బు లావాదేవీలుంటే, ఉమ్మడిగా స్థలం కొని ఉంటే, ఇన్సూరెన్స్‌లో నామినీగా మీ పేరుంటే లాయరు ద్వారానే కదపాలి. వీలునామా లేకుంటే హిందూ వారసత్వ చట్టం ప్రకారం, పోయింది మగమనిషైతే, ముందు తల్లి, భార్య, పిల్లలే వారసులు.

ఏడాది తిరిగేసరికి ఒకటి గుర్తుంచుకోండి. సంవత్సరీకం తిథి ప్రకారం చేస్తారు, మీరు తేదీ లెక్కన సిద్ధపడి ఉంటారు. ఈ రెండూ కలవవు. కొన్ని రోజులు ముందో వెనకో, దినపత్రిక జిల్లా పేజీలో శ్రద్ధాంజలి ప్రకటనగా, ఊళ్లో అయితే సెంటర్లో ఫ్లెక్సీగా ఆ ముఖం ఎదురొస్తుంది. పంచాంగంలో తిథి చూసి పెట్టుకుంటే ఆ వారం ఆ పేజీ మీరే ముందు తిప్పొచ్చు, ఆ సెంటర్ మీదుగా వెళ్లకుండా ఉండొచ్చు. ఫొటో ఎంపిక మీకు నచ్చకపోవచ్చు. వాళ్ల దగ్గరున్నవి ఆధార్ కార్డు ఫొటోలు, పెళ్లి ఫొటోలు.

ఆఖరుగా: మీ తర్వాత

దాచుకున్న పెట్టె, ఆ మెయిల్ ఖాతా, కాగితం మీద రాసిన నంబరు, ఇవన్నీ ఒకరోజు మీ పిల్లల చేతికి వస్తాయి. ఆరో అడుగులో చెప్పిన ఆ ఒక్క మనిషికి ఈ పని అప్పజెప్పండి. పెట్టె ఎక్కడుందో చెప్పండి, మెయిల్ పాస్‌వర్డ్ ఒక కవరులో ఇచ్చి అంటించండి. విప్పకుండా తగలబెట్టాలా, ఎవరికైనా ఇవ్వాలా అన్నది ఆ కవరు మీదే రాయండి. పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా కవరు కూడా మార్చాలి. ఆ మనిషి మీకంటే వయసులో చిన్నవాళ్లయితే మంచిది.